తిరిగొచ్చిన శుభలేఖ

పోయిన కరెంటు గంటన్నరకి వచ్చింది. ఉమ్మ్ యాసీన్, అంటే యాసీన్ తల్లి, కుర్చీలోంచి లేవకుండానే కాలి బొటనవేలితో కంప్యూటర్ డబ్బా మీట నొక్కి, తెర వెలిగేలోపు చల్లారిన టీ అడుగుదాకా తాగేసింది. డిజైన్ ప్రోగ్రామ్ తెరిచింది. అది తీరిగ్గా ఒళ్ళు విరుచుకుని, ఒకదాని మీద ఒకటి పదకొండు ఫైళ్ళు ఆమె మొహాన పడేసింది. ప్రతిదాని నెత్తినా ఒకటే ముద్ర, 'తిరిగి తెచ్చినది' అని.

తెమ్మని దాన్ని ఎవరడిగారు? పోయిన నెల అచ్చేసి ఇచ్చేసిన డాక్టరు మందుల చీటీ, మూతపడిన దర్జీ కొట్టు బోర్డు, ఎన్నికల్లో ఓడి రెండేళ్ళయిన పెద్దమనిషి పోస్టరు, అన్నీ తెచ్చింది. ఒక్కొక్కటీ మూస్తుంటే ఒక్కొక్కదానికీ అడుగుతుంది: ఉంచాలా, తీసెయ్యాలా, వెనక్కి వెళ్ళాలా? పోనీ అన్నిటినీ కళ్ళు మూసుకుని తీసేద్దామంటే, ఆ పదకొండింటి మధ్యలోనే ఎక్కడో ఈ పొద్దున చేసిన బేకరీ డబ్బా డిజైను ఉంటుంది. దాన్ని తీసేస్తే ఈ పూట పడ్డ శ్రమంతా నైలు నది పాలు.

"అన్నీ తీసి పారెయ్యమ్మా, పాపం ఆ కంప్యూటర్‌కి ఊపిరాడటం లేదు," అన్నాడు ప్రెస్సు యజమాని హాజ్ ముఖ్తార్ తన బల్ల దగ్గర్నించే.

"పారేస్తే బేకరీ డబ్బా పోతుంది హాజ్."

"అయితే పారెయ్యకు."

"డిస్కు నిండిపోయింది. కొత్తది సేవ్ కానంటోంది."

"అయితే పారెయ్యి."

కరెంటు పోయినా కంప్యూటర్ ఆగకుండా చూసే బ్యాటరీ ఒకటి కొనమని ఉమ్మ్ యాసీన్ ఆయనతో రెండు వేసవుల నుంచి పోరుతోంది. కొన్నాడు కూడా. అది హాజ్ గారి ఫ్యానుకి పనిచేస్తోంది.

ఈ కోతలకి తోడు ఫైళ్ళ పేర్లొకటి. శుక్రవారం సెలవునాడు ఆయనొచ్చి ఈ కుర్చీలో కూర్చుంటాడు. ఆమె 'ఆఖరిది' అని పెట్టినదాన్ని తెరిచి, ఓ గీత అటూ ఇటూ జరిపి, 'ఇదే ఆఖరిది' అని సేవ్ చేస్తాడు. శనివారం ఆమె వచ్చి దాన్ని సరిచేసి 'వల్లాహి ఆఖరిది' అని పెట్టాలి. అల్లా మీద ఒట్టేస్తే తప్ప ఏ ఫైలూ నమ్మదగ్గది కాని స్థితికి వచ్చింది ఎల్-మిన్యాలోని ఆ ప్రెస్సు.

ఆరో ఫైలు మూస్తుండగా ఇద్దరు ఆడవాళ్ళు లోపలికొచ్చారు. ముందొచ్చిన అమ్మాయి చేతిలో ప్లాస్టిక్ సంచీ, అందులో నాలుగు రకాల పాత పెళ్ళికార్డులు. వెనక వాళ్ళమ్మ.

"ఇందులో దీని అంచు, దీని కాగితం కావాలి. ఇంకో పది రోజుల్లో నా పెళ్ళి," అంది అమ్మాయి. రాసి తెచ్చిన చీటీ బల్ల మీద పెట్టింది.

ఉమ్మ్ యాసీన్ చీటీ చదివింది. వధువు తండ్రి హాజ్ అబ్దుర్రాజిక్, రైతు సహకార సంఘం కార్యదర్శి. సంఘం ఫారాలన్నీ ఇక్కడే అచ్చవుతాయి. వరుడు ఇంజనీర్ మొఅతజ్. దాని పక్కన, మామూలుగా 'వారి సుపుత్రి' అని ఊరుకునేచోట, లేదా పేరులో మొదటి అక్షరం ఒక్కటి వేసేచోట, పూర్తిగా రాసుంది: బహియ్యా.

"పేరు మొత్తం వెయ్యాలా?"

"మొత్తం. రోజూ బళ్ళో నూట ఇరవైమంది ఆడపిల్లల్ని పేరుపెట్టి పిలుస్తాను. ఆ పిల్లలు రేపు కార్డు చూసి, టీచర్ ఎవర్ని చేసుకుంటున్నారో తెలిసింది గాని ఎవరు చేసుకుంటున్నారో తెలీలేదంటే నేనేం చెప్పను?"

"మీ నాన్నగారు?"

అమ్మాయి తల్లి వైపు చూసింది. తల్లి భుజానికున్న సంచీ సర్దుకుంటూ, "ఆయనకి నేను చెప్తాలేమ్మా," అంది. ఆ మాట అన్న తీరులోనే, చెప్పదని ఉమ్మ్ యాసీన్‌కి అర్థమైంది.

అయినా వేసింది. వాళ్ళు వెళ్ళాక మిగతా ఫైళ్ళ సంగతి మర్చిపోయి, ఆ నాలుగు అరబ్బీ అక్షరాలతోనే గంటసేపు కూర్చుంది. మొదటి అక్షరం తోక సాగదీసింది. చివరి అక్షరం మీద రెండు చుక్కలు పక్కపక్కన పెడితే ఇరుగ్గా ఉన్నాయని కొంచెం ఏటవాలుగా పెట్టింది. తెర నిండా పెద్దది చేసుకుని, బంగారు రంగు పోసి, మళ్ళీ చుక్కలు జరిపింది. అచ్చు యంత్రం నడిపే మేస్త్రి, ఉస్తా బిషాయ్, వెనకనించి పోతూ ఆగి, "అబ్బ, ఎవరీ మహారాణి?" అన్నాడు.

"లెక్కల టీచరు," అంది ఉమ్మ్ యాసీన్. 'ఆఖరిది' అని సేవ్ చేసింది.

బుధవారం మధ్యాహ్నం హాజ్ అబ్దుర్రాజిక్ స్వయంగా వచ్చాడు. అరవై ఏళ్ళ మనిషి, ఇస్త్రీ చేసిన పొడవాటి బూడిదరంగు గలాబియా అంగీ, జేబులో మూడు పెన్నులు. ఉమ్మ్ యాసీన్ తీసిచ్చిన నమూనా కాగితాన్ని దూరంగా పట్టుకుని చదివాడు. పేరు దగ్గరికి రాగానే కాగితాన్ని బల్ల మీద బోర్లా పెట్టేశాడు.

"ఎవరు వెయ్యమన్నారు దీన్ని?"

"అమ్మాయిగారు రాసిచ్చిన చీటీలో ఉంది హాజ్."

"అమ్మాయిగారు పెళ్ళి చేసుకుంటుంది. కార్డులు వేయించేది నేను. తీసెయ్యి." గొంతు తగ్గించాడు. "ఈ కార్డు సంఘంలో ప్రతి రైతు ఇంటికీ పోతుంది, కాఫీ కొట్టు బల్లల మీద పడుంటుంది. ఆ పేరు అలా పడుండే పేరు కాదు."

హాజ్ ముఖ్తార్ అప్పటికే లేచి నిలబడ్డాడు. "తీసేస్తుంది హాజ్, ఇప్పుడే తీసేస్తుంది. ఉమ్మ్ యాసీన్, తియ్యమ్మా."

తీసింది. గంటసేపు కూర్చి పెట్టినదాన్ని తియ్యడానికి ఒక్క మీట చాలు. దాని స్థానంలో కింద చుక్కతో 'బ' అని ఒకే ఒక్క అక్షరం పెట్టింది. అంత పెద్ద ఖాళీలో అది దిక్కులేనట్టు నిలబడింది. ఆయన చూసి, "ఇది మర్యాదగా ఉంది," అన్నాడు. ఆమె 'వల్లాహి ఆఖరిది' అని సేవ్ చేసింది. సేవ్ చేసిన రెండు నిమిషాలకి, పాతదీ కొత్తదీ రెండూ తెర మీద తెరిచి ఉండగానే, కరెంటు పోయింది. ఉమ్మ్ యాసీన్ కీబోర్డు మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. తిట్టుకోవడానికి కూడా ఓపిక లేదు.

గురువారం కొడుకు యాసీన్‌కి జ్వరం తగ్గక ఆమె పనికి రాలేదు. బుధవారం వెళ్ళేముందే బిషాయ్‌కి చెప్పింది: కార్డులు శనివారం, తను వచ్చాకే.

శనివారం వచ్చేసరికి గుమ్మం దగ్గరే హాజ్ అబ్దుర్రాజిక్ గొంతు వినిపించింది. ఆయన ముందు బల్ల మీద ఒక కట్ట విప్పి ఉంది. దళసరి మీగడరంగు కార్డులు, నడుమ బంగారు అక్షరాలతో బహియ్యా. ఏటవాలుగా రెండు చుక్కలు.

"ఇదిగో వచ్చింది," అన్నాడు హాజ్ ముఖ్తార్, ఆమె చెప్పులు విడవకముందే. "చూడమ్మా ఏం చేశావో. హాజ్ గారు అంత స్పష్టంగా చెప్తే పాతదే పంపించావు."

"నేను ఏదీ పంపలేదు. గురువారం నేను రానేలేదు."

"బుధవారమే పంపి ఉంటావు. మతిమరుపు. ఇంట్లో పిల్లాడికి జ్వరం కదా హాజ్, ఆడవాళ్ళకి మనసు ఒకచోట ఉండదు."

ఉమ్మ్ యాసీన్ బిషాయ్ వైపు చూసింది. బిషాయ్ యంత్రం వైపు చూశాడు. ముప్ఫై ఏళ్ళు అదే యంత్రం ముందు నిలబడ్డ మనిషి, యజమాని మాట్లాడుతుంటే దాని సందుల్లో దుమ్ము తుడుస్తాడు.

హాజ్ అబ్దుర్రాజిక్ గొంతు పెంచలేదు. అదే ఎక్కువ భయం వేసింది. "నా కూతురు ఈమె చేత చేయించింది. నేను వద్దన్నాక మళ్ళీ వచ్చి, ఈమెకేదో చెప్పుకుని, నా కళ్ళు కప్పి వేయించుకుంది. దాని సంగతి ఇంటికెళ్ళి చూస్తాను, ముందు ఆ బడి ఉద్యోగం మాన్పిస్తాను. ముఖ్తార్, రేపటి నుంచి ఈమె ఈ కుర్చీలో ఉంటే మా సంఘం కాగితం ఒక్కటి కూడా నీ గుమ్మం తొక్కదు."

"ఉండదు హాజ్," అన్నాడు హాజ్ ముఖ్తార్. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

పదకొండేళ్ళుగా ఆ కుర్చీ ఆమెది. దాని కాలొకటి విరిగితే తనే తీగతో బిగించుకుంది. ఆమెకి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఎవరి తప్పో ఎవరి నెత్తినో పడింది, తనని తీసి అవతల పెట్టడం ఎంత తేలిక.

"ఈ కార్డులు నా కళ్ళముందు కాలాలి. దాంట్లో ఉన్నవీ పోవాలి," అని హాజ్ అబ్దుర్రాజిక్ కంప్యూటర్ వైపు చెయ్యి చూపించాడు. "రేపు ఇంకెవడో మీట నొక్కితే మళ్ళీ లేచి రాకూడదు."

"అన్నీ తుడిపించేస్తాను," అన్నాడు హాజ్ ముఖ్తార్. తర్వాత ఆమె వైపు తిరిగి, గొంతులో కాస్త బతిమాలుడు కలిపి, "వెళ్ళేముందు అదొక్కటి చేసి వెళ్ళమ్మా. నాకు ఎక్కడెక్కడ దాక్కుంటాయో తెలీదు," అన్నాడు.

ఉమ్మ్ యాసీన్‌కి నవ్వొచ్చింది. ఉద్యోగం తీసేసిన అరనిమిషానికి పని చెప్తున్నాడు. చెయ్యనని సంచీ తీసుకుని వెళ్ళిపోవచ్చు. కానీ ఆ అమ్మాయి ఇంట్లో ఏం జరగబోతోందో తలుచుకుని, ఇది చేస్తే ఈయన కాస్త చల్లబడతాడేమోనని కూర్చుంది. హాజ్ అబ్దుర్రాజిక్ ఒక స్టూలు లాక్కుని ఆమె పక్కన, కొంచెం దూరంగా కూర్చున్నాడు.

ముందు తిరిగి తెచ్చిన ఫైళ్ళు ఉండే పెట్టె తెరిచింది. నూట అరవైకి పైగా ఉన్నాయి. ఒక్కోదాని పక్కన తేదీ, గంట, నిమిషం. పేర్లు చూసి నమ్మలేం కనక ఒక్కొక్కటే తెరిచి, చూసి, తియ్యాలి. డాక్టరు చీటీ తీసింది. దర్జీ బోర్డు తీసింది. ఓడిపోయిన పెద్దమనిషి పోస్టరు నాలుగుసార్లు లేచింది, నాలుగుసార్లూ తీసింది.

"ఇతనికి ఇంకా సిగ్గు రాలేదా," అన్నాడు హాజ్ అబ్దుర్రాజిక్ తనలో తను.

"మాకే రాలేదు. ప్రతి కోతకీ మళ్ళీ నిలబడతాడు."

ఆయన నవ్వలేదు గాని, స్టూలు కొంచెం ముందుకి జరుపుకున్నాడు. కార్యదర్శి కదా, ఏ కాగితం చూసినా కళ్ళు ముందు తేదీ మీదికి పోతాయి. పెళ్ళికార్డుల వరసకి వచ్చేసరికి వేలు చాపాడు.

"ఆగు. ఇది శుక్రవారం పొద్దున పదీ నలభై. శుక్రవారం నువ్వు పనికొస్తావా?"

"రాను."

"మరి దీన్ని తెరిచి, అచ్చుకి పంపినట్టు ఇక్కడ ఉంది. ఎవరు పంపారు?"

జవాబు చెప్పాల్సిన మనిషి తన బల్ల దగ్గర టీ గ్లాసులో చెంచా తిప్పుతున్నాడు. చక్కెర ఎప్పుడో కరిగిపోయింది.

"నిన్న జుమా నమాజులో ఖుత్బా ప్రసంగం సగం అయ్యాక వచ్చి మసీదులో చెప్పుల దగ్గర కూర్చున్నావు ముఖ్తార్. ఎక్కణ్ణించి వచ్చావు?"

"హాజ్, మీకే తొందరగా ఇద్దామని..." హాజ్ ముఖ్తార్ చెంచా బయటపెట్టాడు. "తెరవగానే అదే పైకొచ్చింది. తిరిగి తెచ్చినది అని దానికదే చెప్తోంది. యంత్రం అంత శ్రమపడి తెచ్చిందంటే అదే సరైనది అనుకున్నాను. కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాను. బిషాయ్‌కి చర్చి ఉండి ఆదివారం సెలవు కాబట్టి శుక్రవారం ఇక్కడే ఉంటాడు, వేసెయ్యమన్నాను."

"నేను అడిగాను," అన్నాడు బిషాయ్, గుడ్డ పక్కన పెట్టి. "ఉమ్మ్ యాసీన్ వచ్చాక వేద్దామన్నాను. ఆవిణ్ణి ఎందుకు ఇబ్బంది పెట్టడం అన్నారు."

హాజ్ అబ్దుర్రాజిక్ యజమాని వైపు తిరిగాడు. "ఒక ఆడమనిషి కుర్చీ తీసేస్తుంటే నోరు మూసుకు కూర్చున్నావు. నా చేత నా కూతుర్ని దొంగని చేయించావు. ఈ కుర్చీ ఈమెదే." హాజ్ ముఖ్తార్ మెడ మీద చెమట తుడుచుకున్నాడు.

ఇంతటితో అయిపోతుందని ఉమ్మ్ యాసీన్ అనుకుంది. అవలేదు. ఆయన మళ్ళీ తెర వైపు తిరిగాడు. "సరే. కానీ అది మాత్రం పోవాలి. తెరువు, తీసెయ్యి."

తెరిచింది. సోమవారం తను ఎంత పెద్దది చేసి వదిలిందో అంత పెద్దదిగా లేచింది. అంచులు లేవు, వరుడు లేడు, తేదీ లేదు. తెర ఈ చివర్నించి ఆ చివరికి నాలుగు బంగారు అక్షరాలే. ఆమె మూసే మీట నొక్కింది. ప్రోగ్రామ్ తన మూడు మాటలూ అడిగింది.

ఆమె చెయ్యి ఆగిపోయింది. బుధవారం ఒకసారి తీసింది. ఇప్పుడు మళ్ళీ. ఈ వారమంతా తీయడమే పని. మౌసు ఆయన వైపు తోసింది.

"మీరే నొక్కండి హాజ్. మీ అమ్మాయి పేరు. నేను ఇంక తీయను."

హాజ్ ముఖ్తార్ లేవబోయాడు. హాజ్ అబ్దుర్రాజిక్ చెయ్యెత్తి కూర్చోబెట్టాడు. మౌసు పట్టుకున్నాడు, మొత్తం అరచేత్తో. బాణం గుర్తు తెర మీద అటూ ఇటూ తూలింది.

"మా అమ్మాయి పేరు మాత్రమే కాదు," అన్నాడు తెర వైపే చూస్తూ. ఉమ్మ్ యాసీన్‌కి తప్ప ఎవరికీ వినపడనంత మెల్లిగా. "మా అమ్మ పేరు. అమ్మ పేరు బయటివాళ్ళ నోట పడితే నగుబాటే కదా. బళ్ళో ఎవడో తెలుసుకుని వీధంతా ఆ పేరు పాడుకుంటూ తిరిగాడు. తొమ్మిదేళ్ళు నాకు. వాడి పళ్ళు రెండు రాలగొట్టాను. అప్పట్నించీ బయట ఎక్కడా అనలేదు, ఎవర్నీ అననివ్వలేదు. పిల్లకి పెట్టుకున్నాను గాని ఇంట్లో కూడా 'అమ్మాయ్' అనే పిలుస్తాను."

ఉమ్మ్ యాసీన్ తెరని కొంచెం ఆయన వైపు తిప్పింది.

"ఆమెకి చదువు రాదు. వేలిముద్రే. రాసి ఉండగా నేను చూసింది ఒక్కసారే, మరణ ధ్రువపత్రంలో. గుమాస్తా కోడి గెలికినట్టు రాశాడు." ఆయన కళ్ళు చివరి అక్షరం మీద చుక్కల దగ్గర ఆగాయి. "ఇవి వంపుగా ఎందుకు పెట్టావు?"

"పక్కపక్కన పెడితే ఇరుగ్గా ఉన్నాయి."

"ఊఁ." చాలాసేపు చూశాడు. "ఇదేం అడుగుతోంది?"

"మొదటిది ఉంచమని. రెండోది తీసెయ్యమని."

"మూడోది?"

"ఏమీ చెయ్యకుండా వెనక్కి వెళ్ళమని."

బాణం రెండోదాని మీదికి పోయింది. అక్కడ ఆగింది. వేలు పైకి లేచి అలాగే ఉండిపోయింది. తర్వాత మెల్లిగా పక్కకి జరిగి, మూడోదాని మీద నొక్కింది. ప్రశ్న మాయమై అక్షరాలు అలాగే నిలబడ్డాయి. ఆయన మౌసు వదిలేసి చేతిని గలాబియాకి తుడుచుకున్నాడు.

"బిషాయ్, ఎన్ని అచ్చయ్యాయి?"

"మూడు వందలు."

"కట్టలు కట్టు."

"కాల్చడానికి పెరట్లో డ్రమ్ము పెట్టించాను హాజ్," అన్నాడు హాజ్ ముఖ్తార్.

"నీ డ్రమ్ములో నువ్వు కూర్చో. కట్టలు పంచడానికి."

బిషాయ్ దారం తెంపుతూ కట్టలు బిగించాడు. ఉమ్మ్ యాసీన్ ఫైలు సేవ్ చేసింది.

హాజ్ అబ్దుర్రాజిక్ విప్పి ఉన్న కట్టలోంచి పైకార్డు తీసి, కవరులో పెట్టి, జేబులోంచి పెన్ను ఒకటి తీశాడు. కవరు బల్ల మీద సరిచేసుకుని ఆమె వైపు చూశాడు. "పెళ్ళికి నువ్వూ రావాలి."

"రాయండి హాజ్," అన్నాడు హాజ్ ముఖ్తార్, ఎలాగైనా మాటలో దూరాలని. "ఉస్తాజ్ అబూ యాసీన్ గారికి, కుటుంబ సమేతంగా."

యాసీన్ తండ్రి పేరు మీద పెన్ను కదల్లేదు.

"నీ పేరు చెప్పమ్మా."

ఆమెని ఆ మాట ఎవరూ అడిగి చాలా ఏళ్ళయింది. బిషాయ్ దారం తెంపడం ఆపి ఇటు చూశాడు. పదకొండేళ్ళుగా పక్కపక్కన పనిచేస్తున్నా ఆయనకీ తెలీదు.

"సుహైర్," అంది.

ఆయన రాశాడు.